కంటికి అందిన వెలుగు, కంటికి అందని దూరము

మాఘమాసమున రాత్రి తొమ్మిది గంటల వేళ, అమీర్‌పేట మెట్రో స్టేషను చుట్టునుగల దుకాణముల దీపములును, పంజాగుట్ట ఫ్లైఓవరు మీది వాహనముల దీపములును కలిసి ఆకాశమును సగమునకు పైగా తుడిచివేసిన తరువాత కూడ, దక్షిణదిక్కున రెండు నక్షత్రములు చెరగక మిగిలియుండును. పైనున్నది మృగవ్యాధుడు, పాశ్చాత్యులు దానిని సిరియస్ అందురు, రాత్రివేళ కనబడు నక్షత్రములన్నిటిలోను అదియే మిక్కిలి కాంతిమంతమైనది. దానికి చాల దిగువను, క్షితిజమునకు ఇరువది డిగ్రీల ఎత్తున మాత్రమే నిలుచునది అగస్త్య నక్షత్రము; ప్రకాశమున దానిది రెండవ స్థానము. అగస్త్యుని వెలుగు మృగవ్యాధుని వెలుగులో దాదాపు సగమని చూపు చెప్పును. చూపు చెప్పినది చూపునకు సంబంధించినంతవరకు నిజమే. అయితే మృగవ్యాధుడు మనకు 8.6 కాంతి సంవత్సరముల దూరమునను, అగస్త్యుడు సుమారు 310 కాంతి సంవత్సరముల దూరమునను ఉన్నారు. ఈ దూరములను లెక్కలోనికి తీసికొనినచో, కంటికి సగముగా తోచిన ఆ అగస్త్యుడు మృగవ్యాధునికంటె 650 రెట్లకు పైగా వెలుగును వెదజల్లుచున్నట్లు తేలును.

ఆకాశమున కనబడు ప్రతి నక్షత్రపు వెలుగును రెండు కారణముల ఫలము: ఆ నక్షత్రము స్వయముగా విరజిమ్ము కాంతి ఒకటి, దానికిని మనకును నడుమ పరచుకొనియున్న దూరము రెండవది. కన్ను ఈ రెంటి సమష్టి ఫలమును మాత్రమే గ్రహించును. అందులో కాంతి పాలెంతయో, దూరము పాలెంతయో విడదీసి చెప్పజాలదు. దగ్గరనున్న అల్పజ్యోతియు, దవ్వుననున్న మహాజ్యోతియు ఒకే మెరుపుతో పక్కపక్కన కనబడుచుండగా, ఆకాశమునకు లోతున్నదన్న సంగతియే మనకు స్ఫురింపదు. ఈ రెంటిని వేరుచేయుటకు మనుష్యజాతికి రెండువేల సంవత్సరములు పట్టినది. ఆ దీర్ఘ ప్రయత్నములో గౌరవింపదగిన భాగమొకటి, అమీర్‌పేట పంజాగుట్టల నడుమ, బేగంపేట ఆవరణలో నేటికిని గోపురముతో నిలిచియున్న నిజామియా వేధశాలలో జరిగినది. ఆ గోపురపు చేరువ నుండి నిత్యము రాకపోకలు సాగించు వేలాది జనులకు ఈ సంగతి తెలియవలెనన్న కోరికయే నన్ను ఈ వ్యాసరచనకు పురికొల్పినది.

ముందుగా మూలసూత్రమును గ్రహింతము. పంజాగుట్ట కూడలిలో నిలుచుండి అమీర్‌పేట వైపు చూచినచో, రహదారి వెంట ఒకే సామర్థ్యముగల వీధిదీపములు వరుసగా కనబడును. యాభై మీటర్ల దూరమున నున్న దీపమునుండి మన కంటిలోనికి వచ్చు కాంతిని ఒక పాలు అనుకొన్నచో, నూరు మీటర్ల దూరపు దీపమునుండి వచ్చునది అందులో నాలుగవ వంతు, నూటయాభై మీటర్ల దీపమునుండి వచ్చునది తొమ్మిదవ వంతు మాత్రమే. దీపమునుండి బయలుదేరిన కాంతి నలుదిక్కులకు గోళాకారముగా వ్యాపించుచు పోవును. గోళపు వ్యాసార్ధము రెండింతలైనచో దాని ఉపరితలము నాలుగింతలగును. ఉన్న కాంతియే నాలుగింతల మేర మీద పరచుకొనవలెను గనుక, ఒక్కొక్క చోటికి వచ్చు పాలు నాలుగవ వంతునకు తగ్గును. దూరపు వర్గమును బట్టి ప్రకాశము క్షీణించునను ఈ నియమమును 1604లో కెప్లరు తన దృక్‌శాస్త్ర గ్రంథమున ప్రతిపాదించెను. వీధిదీపమునకును నక్షత్రమునకును ఈ నియమము ఒక్కటియే. దీపముల విషయమున మనకు గల సౌకర్యమెల్ల, అవన్నియు ఒకే సామర్థ్యముగలవని ముందే తెలిసియుండుట. నక్షత్రముల విషయమున ఆ సౌకర్యము లేదు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఇక వెలుగును కొలుచు మానము. ప్రాచీన గ్రీకులు కంటికి కనబడు నక్షత్రములను ఆరు తరగతులుగా విభజించిరి. మిక్కిలి ప్రకాశించునవి మొదటి తరగతి, కష్టముమీద కనబడునవి ఆరవ తరగతి. టాలెమీ గ్రంథము ద్వారా ఆ పద్ధతి సుమారు పదునేడు వందల సంవత్సరములు నిలిచినది. మొదటి తరగతికిని ఆరవ తరగతికిని నడుమ ప్రకాశభేదము సుమారు నూరు రెట్లని గుర్తింపబడిన పిదప, 1856లో నార్మన్ పాగ్సన్ అను ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు ఐదు మెట్ల భేదము సరిగా నూరు రెట్లుండవలెనని స్థిరపరచెను. ఆ లెక్కన ఒక్కొక్క మెట్టునకు భేదము సుమారు రెండున్నర రెట్లు. సంఖ్య పెరిగినకొలది వెలుగు తగ్గును. మిక్కిలి ప్రకాశవంతములైన జ్యోతులకు సున్నకు దిగువనున్న ఋణసంఖ్యలు వచ్చును. ఈ పాగ్సన్ మన దేశమునకు పరాయివాడు కాడు. 1861లో మద్రాసు వేధశాలకు అధిపతియై వచ్చి, 1891లో మరణించువరకు ఆ పదవియందే ఉండెను. 1868 ఆగస్టు 18వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఆయన మన మచిలీపట్నమునుండియే పరిశీలించెను. నేడు లోకమంతటను నక్షత్రపు వెలుగును ఏ మానముతో చెప్పుచున్నారో, ఆ మానమును నిర్ణయించిన వ్యక్తి తెలుగు గడ్డపై నిలిచి ఆకాశమును చూచినాడన్నమాట.

పాగ్సన్ మానమును కెప్లరు నియమముతో జోడించినచో సులభమైన సూత్రమొకటి లభించును: ఒక నక్షత్రమును ఇప్పుడున్న దూరమునకు పదిరెట్ల దూరమునకు జరిపినచో, దాని వెలుగు నూరవ వంతునకు, అనగా ఐదు మెట్లు, తగ్గును. మన సూర్యునికే ఈ సూత్రమును అన్వయింతము. భూమినుండి చూచునప్పుడు ఆయన ప్రమాణము, అనగా పాగ్సన్ మానమున వచ్చు సంఖ్య, ఋణ 26.7. నక్షత్రములన్నిటిని సమానముగా తూచుటకై శాస్త్రజ్ఞులు 32.6 కాంతి సంవత్సరముల దూరమును ఒరవడిగా పెట్టుకొనిరి. ఆ దూరమున నిలిపినప్పుడు నక్షత్రమునకు వచ్చు ప్రమాణమే దాని నిజప్రమాణము. సూర్యుని అక్కడ నిలిపినచో ఆయన ప్రమాణము 4.8 మాత్రమే; పల్లె ఆకాశమున మసకగా కనబడును, అమీర్‌పేట ఆకాశమున కనబడనే కనబడడు. ఇంకను పదిరెట్లు వెనుకకు, ఇంచుమించుగా అగస్త్యుడున్న దూరమునకు జరిపినచో 9.8 ప్రమాణమునకు దిగజారి, దూరదర్శిని లేనిదే ఎవరికిని కానరాడు. పగటికి ప్రభువైన ఆదిత్యుడు అగస్త్యుని సరసన నిలిచినచో అదృశ్యుడగునన్న ఈ ఒక్క విషయము చాలును, దూరము మన చూపును ఎంతగా శాసించుచున్నదో తెలియుటకు.

దూరమును కొలుచు సాధనము లేని కాలమున, విద్వాంసులు నక్షత్రములన్నియు సూర్యునితో సమానములని ఊహించి, వెలుగునుబట్టియే దూరమును గణింపజూచిరి. డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్సు సూర్యకాంతిని మిక్కిలి చిన్న రంధ్రముగుండ ప్రసరింపజేసి, ఆ కాంతిబిందువు మృగవ్యాధునితో సమానముగా తోచువరకు తగ్గించి, ఆ నక్షత్రము సూర్యునికంటె 27,664 రెట్లు దూరమున ఉన్నదని తేల్చెను. ఆ గణితము ఆయన మరణానంతరము 1698లో ప్రకటింపబడినది. నేటి కొలతల ప్రకారము సూర్యునినుండి మనకు వచ్చు కాంతి మృగవ్యాధునినుండి వచ్చుదానికి సుమారు 1,300 కోట్ల రెట్లు; రెండును సమానములనుకొన్నచో దూరము సుమారు 1,14,000 రెట్లుండవలెను. యథార్థమునకు అది సుమారు 5,44,000 రెట్లు. ఈ రెండు సంఖ్యలకును గల భేదమే మృగవ్యాధుడు సూర్యునికంటె ఇరువది రెట్లకు మించిన వెలుగుగలవాడని చాటుచున్నది. కాగా వెలుగును చూచి దూరమును చెప్పవలెనన్నచో నక్షత్రపు స్వప్రకాశము తెలిసియుండవలెను. స్వప్రకాశమును చెప్పవలెనన్నచో దూరము తెలిసియుండవలెను. ఈ వలయమును ఛేదించుటకు వెలుగుతో నిమిత్తములేని కొలత ఒకటి కావలసివచ్చినది.

ఆ కొలత పేరు లంబనము. భూమి సూర్యుని చుట్టి తిరుగుచుండుటచే, ఆరునెలల ఎడముతో మనము ముప్పది కోట్ల కిలోమీటర్ల దూరమునగల రెండు చోట్లనుండి ఆకాశమును చూచుచున్నాము. దగ్గరి నక్షత్రము దూరపు నక్షత్రముల నేపథ్యమున కొలదిగా ఇటునటు జరిగినట్లు కనబడును. ఆ జరుగుబాటు కోణమునుండి రేఖాగణితముచే దూరమును సాధింపవచ్చును. 1838లో జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు బెస్సెలు హంసమండలములోని 61వ నక్షత్రపు లంబనము, డిగ్రీలో 3,600వ వంతైన వికలలో మూడవ వంతునకు సమీపమని కనుగొని, అది సుమారు పది కాంతి సంవత్సరముల దూరమున ఉన్నదని ప్రకటించెను. నేడు తెలిసిన దూరము 11.4 కాంతి సంవత్సరములు. ఆయన ఆ నక్షత్రమును ఎన్నుకొన్న కారణము గమనింపదగినది. అది కంటికి కష్టముమీద కనబడు మసక నక్షత్రము. కాని సంవత్సరమునకు ఐదు వికలకు పైగా ఆకాశమున స్థానము మార్చుకొనుచుండెను. అంత వేగముగా కదలుచున్నట్లు కనబడునది మనకు సమీపముననే ఉండవలెనని బెస్సెలు ఊహించెను; ఊహ ఫలించెను. సామీప్యమునకు వెలుగుకంటె కదలికయే నమ్మదగిన సూచన అని లోకమునకు తెలిసినది. కదలికను గుర్తింపవలెనన్నచో నక్షత్రముల స్థానములను ఒక తరమువారు సూక్ష్మముగా వ్రాసిపెట్టవలెను. తరువాతి తరములవారు సరిపోల్చవలెను. హైదరాబాదు ఈ చరిత్రలో ప్రవేశించినది ఈ ఘట్టముననే.

1887లో పారిసునగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఫోటోగ్రాఫు ఫలకములపై చిత్రించి, నక్షత్రపట్టికను సిద్ధపరచవలెనని సంకల్పించి, ఆకాశమును పట్టీలుగా విభజించి వివిధ దేశముల వేధశాలలకు పంచియిచ్చిరి. ఇట హైదరాబాదులో నవాబు జఫర్ జంగు బహదూరు గారు సొంత ధనముతో దూరదర్శినులు తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటునందు వేధశాలను నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి అనుమతితో దానికి నిజామియా అను పేరు పెట్టిరి. తన తదనంతరము ఆ సంస్థను ప్రభుత్వము స్వీకరింపవలెనని ఆయన కోరిక. 1907లో ఆయన దివంగతులు కాగా, 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించినది. మొదటి డైరెక్టరు చాట్‌వుడ్ కాలమున అది నాటికి నగరమునకు వెలుపలనున్న బేగంపేట ప్రాంతమునకు తరలివచ్చినది. చిలీ దేశపు సాంటియాగో వేధశాల నెరవేర్చలేకపోయిన పట్టీ, ఖగోళ మధ్యరేఖకు దక్షిణమున 17 డిగ్రీలనుండి 23 డిగ్రీల వరకు గలది, హైదరాబాదునకు అప్పగింపబడినది. ఎనిమిది అంగుళముల కుక్ దూరదర్శినితో రాత్రివేళ ఫలకములు తీయుట, పగటివేళ ఒక్కొక్క ఫలకముపై ఒక్కొక్క చుక్క స్థానమును సూక్ష్మయంత్రముతో కొలిచి పుస్తకమున కెక్కించుట: ఇది నిత్యకృత్యమైనది. ఫలకముపై ప్రకాశవంతమైన నక్షత్రము పెద్ద చుక్కగను, మసకది చిన్న చుక్కగను పడును. చుక్క పరిమాణమే దాని వెలుగునకు కొలత. ఆ విధముగ ప్రతి నక్షత్రమునకును స్థానముతోపాటు ప్రకాశమును లిఖితమైనది.

1914లో డైరెక్టరుగా వచ్చిన పోకాక్ కాలమున, 1917లో తొలి సంపుటము వెలువడినది. 1918 తరువాత టి. పి. భాస్కరన్ గారు ఆ భారమును వహించి పాతిక సంవత్సరములు నిర్వహించిరి. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమున అంతర్భాగమైనది. తొలి పట్టీ ముగియగానే, జర్మనీలోని పాట్స్‌డామ్ వేధశాల అసంపూర్తిగా విడిచిన ఉత్తరాకాశపు పట్టీలో 36 డిగ్రీలనుండి 39 డిగ్రీల వరకు గల భాగమును కూడ హైదరాబాదువారే స్వీకరించిరి. మొత్తము పండ్రెండు సంపుటములు వెలువడినవి; ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రములు వానిలో చోటు చేసికొన్నవి. కంప్యూటరు అను వస్తువు లేని దినములలో, చేతిలెక్కలతో, కంటి కొలతలతో ఇంత పని జరిగినదన్న మాట నేటి అమీర్‌పేటలో గణకయంత్రవిద్య నభ్యసించు యువకులు ఒక నిమిషము నిలిచి ఆలోచింపదగినది.

ఈ రెండు పట్టీలలోనే, మన ప్రస్తుత విషయమునకు ఇంతకంటె మంచివి దొరకని ఉదాహరణములున్నవి. మృగశిరామండలమునకు దిగువను కుందేలు మండలమొకటి కలదు. దానిలో ప్రధానములైన రెండు నక్షత్రములును దక్షిణపు పట్టీలోనివే. మొదటిదాని ప్రమాణము 2.6, రెండవదానిది 2.8, కంటికి కవలలవలె తోచును. కాని రెండవది మనకు సుమారు 160 కాంతి సంవత్సరముల దూరమున ఉండగా, మొదటిది సుమారు 2,200 కాంతి సంవత్సరముల అవతల ఉన్నది. దూరము దాదాపు పదునాలుగు రెట్లైనను వెలుగు సమానముగా కనబడుచున్నదన్నచో, ఆ మొదటి నక్షత్రము రెండవదానికంటె రెండువందల రెట్లకు పైగా కాంతిని విరజిమ్ముచుండవలెను. ఉత్తరపు పట్టీలో దీనికి విపర్యాసము కనబడును. ఆ పట్టీలోనిదే 25 కాంతి సంవత్సరముల దూరమునగల అభిజిత్తు. బెస్సెలు కొలిచిన హంసమండలపు 61వ నక్షత్రమును ఆ పట్టీలోనిదే. అభిజిత్తు దూరములో సగమునకంటె దగ్గరనున్నను, నిజమునకు జంటతారయైన ఆ నక్షత్రములో పెద్దది అభిజిత్తు వెలుగులో నూరవ వంతైనను కనబడదు. కుందేలు మండలమున దూరము భేదమును కప్పిపుచ్చినది. ఇచట స్వప్రకాశపు భేదము సామీప్యమును కప్పిపుచ్చినది.

ఇట్టి ఉదాహరణములు అరుదైనవని పాఠకులు తలపరాదు. సూర్యుని తరువాత మనకు అత్యంత సమీపమైన నక్షత్రము ప్రాక్సిమా. 1915లో కనుగొనబడిన అది 4.2 కాంతి సంవత్సరముల దూరమున మాత్రమే ఉన్నను, 11వ ప్రమాణమునకు చెందినదగుటచే ఎవరి కంటికిని కనబడదు. 1916లో బర్నార్డు గుర్తించిన నక్షత్రము ఆరు కాంతి సంవత్సరముల దూరముననే ఉన్నను, 9.5 ప్రమాణముతో కంటికి కనుమరుగై ఉన్నది. సంవత్సరమునకు పది వికలకు మించిన దాని కదలికయే దాని సామీప్యమును బయటపెట్టినది. మన ఇరుగుపొరుగున ఉన్న నక్షత్రములలో అత్యధిక సంఖ్యాకములు ఇట్టి అరుణ వామనములే, అనగా ఎఱ్ఱని అల్పజ్యోతులే. కంటికి కనబడు ప్రసిద్ధ తారలలో పెక్కు బహుదూరమునుండి తమ మహాకాంతిచేత మనలను చేరుచున్నవి. చూపు ఎన్నుకొన్న నక్షత్రసభలో మహాజ్యోతులకు అర్హతకు మించిన స్థానము లభించినది. సామాన్యులకు ప్రవేశమే లేకపోయినది.

లంబనముచే కొలువదగినది భూమిపైనుండి చూచువారికి కొలది వందల కాంతి సంవత్సరముల వరకే. అంతకు మించిన దూరముల సంగతి వచ్చినప్పుడు, నక్షత్రపు స్వప్రకాశమును దూరముతో నిమిత్తములేకుండ తెలిసికొను ఉపాయము కావలెను. 1912లో అమెరికాకు చెందిన హెన్రియెట్టా లెవిట్ అను విదుషి, ఒక జాతి చరకాంతి నక్షత్రములయందు వెలుగు హెచ్చుతగ్గుల ఆవర్తకాలము దీర్ఘమైనకొలది స్వప్రకాశమును హెచ్చునని నిరూపించి ఒక దారి చూపెను. మరియొక దారిని చూపినవారిలో ఒకరు, ఈ నిజామియా వేధశాల ఛాయలో పెరిగిన బాలుడు.

ఆయన పేరు మనలి కల్లాట్ వైను బాప్పు. ఆయన 1927 ఆగస్టు 10వ తేదీన జన్మించెను; ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. 1922లో ఇక్కడ ప్రతిష్ఠితమైన పదునైదు అంగుళముల గ్రబ్ దూరదర్శిని ఆ బాలునికి చిన్ననాటి చెలికాడు. చరకాంతి నక్షత్రముల పరిశీలనమున ఆయనకు విద్యార్థిదశనాడే అభినివేశము కలిగినది. నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1949లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఆ సంవత్సరమే ఒక తోకచుక్కను కనుగొనగా, బాప్పు, బోక్, న్యూకిర్క్‌ల పేర దానికి నామకరణము జరిగినది. పిదప కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధన 1957లో వెలువడి, విల్సన్-బాప్పు సంబంధమను పేర శాస్త్రమున శాశ్వతముగా నిలిచినది.

దాని సారమును సామాన్యభాషలో చెప్పవచ్చును. నక్షత్రకాంతిని వర్ణపటముగా విప్పినప్పుడు, ఊదారంగు కొనకు చేరువను కాల్షియము పరమాణువులవలన ఏర్పడు గాఢమైన నల్లని రేఖ కనబడును. సూర్యునివంటివియు, అంతకంటె చల్లనివియు అగు నక్షత్రములలో ఆ నల్లని రేఖ నడిబొడ్డున సన్నని వెలుగు రేఖ ఒకటి ఉండును. నక్షత్రపు స్వప్రకాశము హెచ్చినకొలది ఆ వెలుగురేఖ వెడల్పు హెచ్చుచుండుటను విల్సన్, బాప్పులు గమనించిరి. ఆ రేఖ ఎంత తీవ్రముగా వెలుగుచున్నదన్నదానితో ప్రసక్తిలేదు, వెడల్పే ప్రధానము. పదునైదు మెట్ల మేర, అనగా పదిలక్షల రెట్ల ప్రకాశభేదము వరకు, ఈ సంబంధము చెల్లుచున్నది. దూరమువలన నక్షత్రపు కాంతి ఎంత క్షీణించినను, రేఖ వెడల్పునకు మార్పు రాదు. కాబట్టి వెడల్పును కొలిచి స్వప్రకాశమును తెలిసికొని, కంటికి వచ్చు వెలుగుతో దానిని సరిపోల్చి, కెప్లరు నియమముచే దూరమును రాబట్టవచ్చును. హైగెన్సునకు కొరవడినది ఈ జ్ఞానమే. బాప్పు స్వదేశమునకు తిరిగివచ్చి, 1960లో కొడైకెనాల్ వేధశాలాధిపతియై, తమిళనాటి జవ్వాది కొండలలోని కావలూరున వేధశాలను నిర్మించి, 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడై, 1982లో దివంగతుడయ్యెను. కావలూరులోని 2.34 మీటర్ల మహాదూరదర్శిని ఆయన పేరు వహించియున్నది.

వెలుగునుబట్టి దూరమును లెక్కించువారికి ఇంకొక జాగ్రత్త అవసరము. నక్షత్రముల నడుమనున్న శూన్యము నిజమునకు శూన్యము కాదు. అందు సూక్ష్మమైన ధూళి వ్యాపించి, దాటివచ్చు కాంతిలో కొంత హరించుచున్నదని 1930లో ట్రంప్లరు నిరూపించెను. ధూళి హరించిన పాలును లెక్కింపనిచో, నక్షత్రము ఉన్నదానికంటె దూరమున నున్నట్లు తోచును. ఆపైన మన వాయుమండలము. క్షితిజమునకు చేరువనుండు అగస్త్యుని కాంతి మృగవ్యాధుని కాంతికంటె దట్టమైన గాలిని దాటిరావలెను గనుక, మరికొంత మసకబారును. అన్నిటికిని మించి నగరదీపములు. ఇవి నక్షత్రకాంతిని తగ్గించవు. నేపథ్యమును వెలిగించి నక్షత్రమును అందులో ముంచివేయును. నగరము పెరిగి వేధశాలను చుట్టుముట్టగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు హైదరాబాదునకు యాభై కిలోమీటర్లకు పైగా దూరమున, జాపాల్, రంగాపూర్ గ్రామముల చెంత క్రొత్త వేధశాలను నిర్మించి, 1968లో నలుబదియెనిమిది అంగుళముల దూరదర్శినిని ప్రతిష్ఠించిరి. అక్బర్ అలీ గారి సంకల్పమును, తరువాత వచ్చిన కె. డి. అభ్యంకర్ గారి దీక్షయు ఆ కార్యమునకు అండగా నిలిచినవి. విద్యుత్సాధనములతో నక్షత్రకాంతిని కొలుచుట, ఒకదానినొకటి మరుగుపరచుకొను జంటతారల వెలుగు హెచ్చుతగ్గులను పరిశీలించుట అక్కడి ముఖ్యకృషి. 1980 ఫిబ్రవరి 16వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును దేశవిదేశముల శాస్త్రజ్ఞులు అక్కడనుండియే దర్శించిరి.

కార్యరంగము రంగాపూరునకు తరలినంతమాత్రమున బేగంపేట ఫలకముల పని ముగియలేదు. యూరపు ఖండమువారి హిప్పార్కస్ ఉపగ్రహము అంతరిక్షమునుండి నక్షత్రస్థానములను కొలిచిన పిదప, 2000 సంవత్సరమున ఇరువదియైదు లక్షల నక్షత్రముల పట్టిక ఒకటి ప్రకటితమైనది. వాని కదలికలను నిర్ణయించుటకు నేటి స్థానములను పూర్వస్థానములతో పోల్చవలసివచ్చినది. ఆ పూర్వస్థానములను సమకూర్చినది ముఖ్యముగా, హైదరాబాదువారి సంపుటములుకూడ చేరియున్న ఆ పాత ఖగోళ పట్టికయే. పని చేసినవారు కాలధర్మము నొందిన పిదప, వారి సంఖ్యలకు విలువ తగ్గుటకు మారుగా పెరిగినది. కాలము గడచినకొలది నక్షత్రపు కదలిక స్ఫుటమగును గనుక, పాతకొలత ఎంత పాతదైన అంత అమూల్యము.

2013లో బయలుదేరిన గయా ఉపగ్రహము ఈ మార్గముననే మహత్తరమైన అడుగు వేసి, 140 కోట్లకు పైగా నక్షత్రముల లంబనములను లోకమునకు అందించినది. ఆ సంఖ్యలన్నియు ఉచితముగా, ఎవరికైనను అందుబాటులో ఉన్నవి. అమీర్‌పేటలోని శిక్షణాలయములలో సాఫ్ట్‌వేరు నేర్చుకొను విద్యార్థి ఎవరైనను, తన హాస్టలు గదినుండియే, నిజామియా వేధశాలవారు ఒకప్పుడు కొలిచిన పట్టీలోని నక్షత్రములను ఆ సంఖ్యలలో వెదకి తీసి, వాని వెలుగును దూరముతో సరిచేసి, ఏవి సమీపముననున్న అల్పజ్యోతులో, ఏవి దూరముననున్న మహాజ్యోతులో ఒక సాయంకాలమున తేల్చుకొనవచ్చును. కావలసినది దూరపు వర్గమును గూర్చిన ఆ ఒక్క నియమమే.

ఆ విద్యార్థికి తన గదికి కాలినడక దూరముననే ఆ పట్టీని కొలిచిన వేధశాల ఉన్నదని చెప్పు బాధ్యత మనది. బేగంపేటలోని ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రపు ఆవరణలో నిలిచియున్న ఆ గోపురమును పటిష్ఠపరచి, అక్కడ జరిగిన కృషిని తెలుపు చిత్రములను, ముద్రిత సంపుటములను తెలుగులో వివరణలతో ప్రదర్శించి, నెలకొక దినమైనను పాఠశాలల బాలబాలికలకు తలుపులు తెరచినచో, పాఠ్యపుస్తకములో పొడిగా కనబడు ఒక భౌతిక నియమము వారికి తమ ఊరి చరిత్రగా పరిచయమగును. ప్రభుత్వమును, విశ్వవిద్యాలయమును, నగరపౌరులును కలిసి పూనుకొన్నచో ఇది దుష్కరమైన పని కాదు. ఏడున్నర లక్షల నక్షత్రములను చేతితో కొలిచిన ఊరు, వానిని కొలిచిన ఇంటిని కాపాడుకొనలేకపోవుటకు తగిన కారణమేదియు నాకు కనబడదు.